నాలుగో లెవెల్ తలుపు

12వ రోజు

గని నోరు మూసి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటిందని గేటు దగ్గర బోర్డు మీద రాశారు. వానలు మొదలై నోరు మళ్ళీ తెరిచేదాకా, అంటే ఇంకో రెండు వందల రోజుల పాటు, పదకొండు వందల మందిమీ ఈ నాలుగు లెవెల్స్‌లోనే ఉండాలి.

ఈ దినచర్య రాయమన్నది కమిటీ. తేట ప్రచారం ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు రాసి పెట్టమన్నారు. నా పేరు జమున. రెండో లెవెల్ బడిలో లెక్కలు చెబుతాను. తేట అంటే యంత్రాలకు పని చెప్పే భాష. నేనూ మా హెడ్మాస్టరూ నాలుగేళ్ళు కూర్చుని తయారు చేశాం. పూర్తయిన ఏడాదికే ఆయన పోయాడు. తెలుగులోనే రాస్తాం కాబట్టి అక్షరాలు వస్తే చాలు, రెండు వారాల్లో పట్టుబడుతుంది.

ఇక్కడి ఫ్యాన్లు, పంపులు, లైట్లు అన్నీ పాత కోడుతో నడుస్తాయి. అరవై ఏళ్ళ కింద, మా తాతలు ఎండకు తాళలేక మొదటిసారి గనిలోకి దిగినప్పుడు రాసింది అది. ఆ తర్వాత నోటితో చెప్తే కోడు రాసిపెట్టే యంత్రం ఒకటి వచ్చింది. అది వచ్చాక మనుషులు కోడు చదవడం మానేశారు. తొమ్మిదేళ్ళ కింద ఆ యంత్రం పాడైపోయింది, బాగుచేసేవాళ్ళు లేరు. ఇప్పుడు పాత కోడు చదవగలిగేది పరిశోధన విభాగం పెద్ద నసీమా మేడం ఒక్కరే. ఆమెకు అరవై నాలుగేళ్ళు. ఆమె తర్వాత ఎవరన్న భయంతోనే కమిటీ నాకు ఈ పని అప్పగించింది.

మొదటి షిఫ్టుకీ రెండో షిఫ్టుకీ మధ్య మెస్ హాల్లో క్లాసు పెట్టాను. బల్లల మీద గంజి మరకలు తుడిచి పలకలు పరిచాను. పలకలంటే పాత స్క్రీన్లే, పది తెస్తే ఏడు పనిచేశాయి. ఇరవై ఆరు మంది వచ్చారు.

19వ రోజు

బడిలో పంతుళ్ళు ఒప్పుకోలేదు. సిలబస్‌లో ఇంకో సబ్జెక్టుకు చోటు లేదన్నారు. తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు వచ్చి, పిల్లలకు పుట్టగొడుగులు పెంచడం నేర్పితే పనికొస్తుంది గాని యంత్రాల జోలి ఎందుకని అడిగారు. చాలాసేపు మాట్లాడితే ఎనిమిదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు ఇచ్చారు.

పరిశోధన విభాగానికి కూడా వెళ్ళాను. నసీమా మేడం నాకు టీ ఇచ్చి, తేటలో నేను రాసిన పంపు లెక్కను శ్రద్ధగానే చూశారు. బాగుంది అన్నారు. కానీ పరిశోధనకు పనికిరాదట, నెమ్మదిగా నడుస్తుందట. పాత కోడు కాగితాలు ఇస్తే మా క్లాసులో తేటలోకి తిరగరాస్తామని అడిగాను. టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"అందరికీ వచ్చే భాషలో రాస్తే అందరూ వేలు పెడతారు జమునా. ఫ్యాను దగ్గర ఒక్క అక్షరం తప్పితే ఎవరికీ ఊపిరాడదు. అది నీకు ఇంకా తెలియదు."

తన కుర్చీ పోతుందని ఆమె భయం. కమిటీ చూడాలనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

30వ రోజు

క్లాసులో పదిహేడు మంది మిగిలారు. అందరిలోకీ పెద్దావిడ పోశవ్వ. యాభై ఎనిమిదేళ్ళు. దవాఖాన బట్టలు ఉతికే పని. ఉండేది నాలుగో లెవెల్‌లో.

నాలుగో లెవెల్ గురించి ఒక మాట చెప్పాలి. అది అన్నిటికన్నా లోతు. అక్కడి బొగ్గులోంచి చెడుగాలి ఊరుతూనే ఉంటుంది, పెద్ద ఫ్యాను దాన్ని ఎప్పటికప్పుడు బయటికి లాగేస్తుంది. ఏడేళ్ళ కింద రెండో లెవెల్‌లో పడమటి వైపు పైకప్పు కూలినప్పుడు, అక్కడ ఉండేవాళ్ళను తీసుకెళ్ళి నాలుగో లెవెల్‌లో పెట్టారు. కొన్నాళ్ళే అన్నారు. తొంభై నాలుగు మంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

పోశవ్వకు అక్షరాలు వచ్చు గాని బడి తెలియదు. బట్టలు నానబెట్టే తొట్లు నిండితే పంపు ఆగేలా తేటలో రాసుకుంది. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పంపు దానంతటదే ఆగింది. తను కాసేపు ఆ తొట్టినే చూస్తూ నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఇన్నాళ్ళూ ఆ పంపు దగ్గర కాపలా కాసిన గంటలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చిందని చెప్పింది.

38వ రోజు

ఇవాళ క్లాసు మధ్యలో పెద్ద ఫ్యాను ఆగింది. చప్పుడు ఆగిపోతే గని మొత్తం చెవుడు వచ్చినట్టు ఉంటుంది. పన్నెండు నిమిషాలకు మళ్ళీ తిరిగింది. ఎక్కడో కరెంటు తెగిందన్నారు.

ఫ్యాను ఆగిన క్షణంలోనే నాలుగో లెవెల్ మెట్ల మీది ఇనప తలుపు మూసుకుంది. ఒకసారి మూసుకుంటే, ఫ్యాను తిరిగి కింద గాలి బాగయ్యేదాకా అది తెరుచుకోదు. తెరిచేసరికి లోపల ఇద్దరు ముసలివాళ్ళు చనిపోయి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన రాజలింగు, పోశవ్వ భర్త. బొగ్గుదుమ్ముతో చెడిపోయిన ఊపిరితిత్తులు ఆయనవి.

నా క్లాసులో ఉండబట్టి పోశవ్వ బతికింది.

44వ రోజు

పోశవ్వ క్లాసుకు వస్తుందనుకోలేదు. వచ్చి ఎప్పటి చోటులోనే కూర్చుంది. అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఒక్కటి అడుగుత టీచరమ్మా. నా తొట్టి పంపు ఆగాల్నంటే నేను రాసిన. గా తలుపును మూసుకొమ్మని ఎవలు రాసిన్రు?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎక్కడో ఎవరో రాసే ఉంటారు కదా, అది చూపించమంది. నేను కమిటీకి అర్జీ పెట్టాను. కింద పదిహేడు సంతకాలు.

58వ రోజు

కమిటీ చెప్పాక నసీమా మేడం ఫ్యాను కోడు కాగితాలు ఇచ్చారు. డెబ్భై మూడు. నలభై ఒకటో కాగితం లేదు. చెమ్మకు పాడైందన్నారు.

కాగితానికి ఇద్దరు చొప్పున పంచుకుని తేటలోకి తిరగరాస్తున్నాం. పాత కోడు గుర్తులకు అర్థాల పట్టిక హెడ్మాస్టరు రాసిపెట్టి పోయాడు, అదే మాకు దారి. రోజుకు నాలుగైదు వరుసలకు మించి నడవడం లేదు. అయినా ఈ పని మొదలుపెట్టాక క్లాసుకు మళ్ళీ జనం వస్తున్నారు. ముప్పై ఏడు మంది అయ్యారు. ఎనిమిదో తరగతి పిల్లలు సాయంత్రాలు వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారు.

67వ రోజు

ఫ్యాను హౌజు చూసుకునే ఓదెలన్న, ముప్పై ఏళ్ళ కింద ఎవరో స్విచ్చుల పెట్టె తలుపు లోపలి వైపు అంటించిన ఒక కాగితాన్ని ఊడదీసి తెచ్చాడు. అంచులు నల్లబడ్డాయి గాని అక్షరాలు ఉన్నాయి. నలభై ఒకటి.

పోశవ్వా నేనూ కూర్చుని తిరగరాశాం. మూడు వరుసలకు రెండు రోజులు పట్టింది. ఇవాళ క్లాసులో పలక మీద పెట్టాం. ముందు వరుసలో పిల్ల ఒకతి, ఎప్పుడూ చదివినట్టే గట్టిగా చదివేసింది:

పెద్ద ఫ్యాను ఆగితే
వెంటనే నాలుగో తలుపు మూయి
నాలుగో లెవెల్: సామాను గది, మనుషులు ఉండరు

మూడో వరుస యంత్రం కోసం రాసింది కాదు. రాసినవాళ్ళు తర్వాత చదివేవాళ్ళ కోసం పెట్టుకున్న గుర్తు. ఫ్యాను ఆగితే కింది చెడుగాలి మెట్ల మీదుగా పైకెక్కి అందరినీ చంపుతుంది కాబట్టి ముందు సామాను గది మూసెయ్యమన్నారు. అరవై ఏళ్ళ కింద అది సరైన మాటే.

పిల్ల చదవడం ఆపేసింది. హాల్లో నాలుగో లెవెల్ వాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. పోశవ్వ పలక దగ్గరికి వెళ్ళి, "మనుషులు ఉండరు" అన్న మాట మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మళ్ళీ చదివింది.

68వ రోజు

నసీమా మేడం నన్ను పిలిపించారు. తలుపు దగ్గరికేసి మాట్లాడారు.

నలభై ఒకటో కాగితం గురించి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నాలుగో లెవెల్‌లో మనుషులను పెట్టిన మరుసటి ఏడాది, ఎవరికీ చెప్పకుండా ఆ వరుస మార్చబోయారు. ఎక్కడో ఒక గుర్తు తప్పింది. గనిలో ఉన్న రెండు ఫ్యాన్లూ ఆగిపోయాయి. పాత వరుస మళ్ళీ పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. ఎవరికైనా చెబితే మార్చమంటారు, మార్చడం తనకు రాదు. ఫ్యాను ఆగకపోతే చాలని రోజూ దువా చేసుకున్నారట.

"ఆరేళ్ళు ఆగలేదు జమునా. ఇంక ఆగదనే అనుకున్నాను."

ఆమెను తిట్టాలని వెళ్ళాను. తిట్టకుండానే వచ్చేశాను. 19వ రోజున ఆమె కుర్చీ గురించి రాసిన వాక్యం కొట్టెయ్యాలనిపించింది గాని దినచర్యలో కొట్టివేతలు ఉండకూడదని కమిటీ రూలు.

75వ రోజు

సభ జరిగింది. నాలుగో లెవెల్ వాళ్ళంతా పైకి వచ్చి మెస్ హాల్లోనే పడుకుంటున్నారు. అందరికీ చోటు లేదు. పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. ఆ వరుస తీసెయ్యాలని అందరూ ఒకటే మాట. నేనూ చెయ్యెత్తాను.

నసీమా మేడం లేచి, వరుస తీసేస్తే ఫ్యాను ఆగిన రోజు చెడుగాలి ముందు మూడో లెవెల్‌కి వస్తుందని, అక్కడ దవాఖానతో కలిపి మూడు వందల మంది ఉన్నారని చెప్పబోతే మాట్లాడనివ్వలేదు. ఎవరో కప్పు విసిరారు. ఆమె నుదుటి మీద గీరుకుంది.

అప్పుడు లేచింది పోశవ్వ. మేడం చెప్పింది నిజమో అబద్ధమో లెక్క చేసి చూడాలంది. ఆ లెక్క మేడం ఒక్కతే చేస్తే ఎవరూ నమ్మరు, ముప్పై ఏడు మందిమి విడివిడిగా చేద్దామంది. భర్త పోయిన మనిషి అడిగింది కాబట్టి సభ ఒప్పుకుంది.

103వ రోజు

నెల రోజులుగా ఇదే పని. చెడుగాలి ఎంతుందో చూపే మీటర్ల పాత అంకెలు మేడం ఇచ్చారు. మెట్ల పొడవు, తలుపు వెడల్పు, ఒక్కో లెవెల్‌లో ఎంత గాలి పడుతుందో మేమే కొలిచాం. ఎవరి లెక్క వాళ్ళు తేటలో రాశారు. ముప్పై ఏడింటిలో ముప్పై నాలుగు ఇంచుమించు ఒకే జవాబు చెప్పాయి. మిగతా మూడింటిలో తప్పులు పక్కవాళ్ళే పట్టుకున్నారు.

మేడం చెప్పింది నిజం. తలుపు తెరిచి ఉంచితే ఇరవై రెండు నిమిషాలకు మూడో లెవెల్ మీటరు మూడు దాటుతుంది. మూడు దాటితే దవాఖానలో మంచాన ఉన్నవాళ్ళు బతకరు. కాబట్టి తలుపు మూయాల్సిందే. కాకపోతే వెంటనే కాదు. సైరన్ మోగించి, మనుషులను పైకి రానిచ్చి, పద్దెనిమిది నిమిషాలకు మూస్తే మూడో లెవెల్‌కు ప్రమాదం లేదు.

ఈ గనిలో ఇంతమంది కలిసి చేసిన మొదటి పరిశోధన ఇదేనని మేడం అన్నారు. ఆమెతో మాట్లాడేవాళ్ళు ఇప్పుడు తక్కువ. మెస్సులో ఆమె కూర్చుంటే పక్కవాళ్ళు లేచి వెళ్తారు. పోశవ్వ మాత్రం ఆమె పక్కనే కూర్చుని లెక్కలు అడుగుతుంది. నీకు కోపం రాదా పెద్దమ్మా అని నేనే అడిగాను.

"వస్తది. గాని నాకు తెల్వనిది ఆమెకు తెలుసు. కోపం పెట్టుకుంటే ఎట్ల నేర్సుకోవాలె?"

121వ రోజు

పోశవ్వ చేతి గడియారం పెట్టుకుని నాలుగో లెవెల్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెలియదు. అందరితో మూడుసార్లు రిహార్సల్ చేశాం. నడవలేనివాళ్ళు నలుగురు ఉన్నారు, వాళ్ళను మంచాలతో మోయాలి. పోశవ్వ కోడలు వినోద ఒక మంచం మోసే జట్టులో ఉంది. గట్టి మనిషి, మాట తక్కువ. తేట నేర్చుకోమంటే తనకు తీరిక లేదంది. మూడోసారి పదిహేడు నిమిషాల్లో అందరూ పైకి వచ్చేశారు.

కొత్త వరుసలు పోశవ్వే రాసింది:

పెద్ద ఫ్యాను ఆగితే
సైరన్ మోగించు
18 నిమిషాలు ఆగు
నాలుగో తలుపు మూయి

ఇవాళ జనాన్నంతా మొదటి లెవెల్‌కు చేర్చి, ఫ్యాన్లు తొమ్మిది నిమిషాలు ఆపి, పాత కోడు తీసి కొత్తది ఎక్కించాం. బటన్ మేడమే నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

బడిలో ఇప్పుడు ఆరో తరగతి నుంచి తేట పెట్టారు. పరిశోధన విభాగంలో పదకొండు మంది కొత్తవాళ్ళు చేరారు. నాలుగో లెవెల్ వాళ్ళు తిరిగి కిందికి వెళ్ళారు. వేరే చోటు లేదు.

146వ రోజు

మొదటి షిఫ్టు నడుస్తోంది. ఉదయం పది దాటింది. కొత్త కోడు కుదురుకునేదాకా రోజూ కొంతసేపు ఫ్యాను హౌజులో కూర్చుంటున్నాను. ఓదెలన్నా నేనూ ఉన్నాం. పెద్ద ఫ్యాను కీచుమని అరిచి ఆగిపోయింది. ఈసారి కరెంటు కాదు, బేరింగు పట్టేసింది. సైరన్ మోగింది. పలక మీద నిమిషాలు లెక్కపెట్టడం మొదలైంది.

ఫిట్టర్లు పరుగెత్తుకొచ్చారు. బేరింగు మార్చాలంటే ఎంత లేదన్నా నలభై నిమిషాలన్నారు.

పదకొండో నిమిషానికల్లా అరవై మంది పైకి వచ్చారని మూడో లెవెల్ నుంచి ఫోన్. పదిహేడో నిమిషంలో మళ్ళీ ఫోన్ వచ్చింది. వినోద. మెట్లు తడిగా ఉండి మోసేవాళ్ళలో ఒకతను జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మలుపు దగ్గర రాజవ్వ మంచం ఇరుక్కుంది. రాజవ్వ నడుము కింది నుంచి పడిపోయిన మనిషి. కాలు విరిగినతన్ని పైకి చేర్చడానికి జట్టు రావాల్సి వచ్చింది. తాను ఉంటానని పోశవ్వ రాజవ్వ దగ్గర ఆగిపోయింది. జట్టు తిరిగి దిగుతుంటే మెట్ల మొదట్లోనే చెడుగాలికి కళ్ళు తిరిగి వెనక్కి వచ్చేశారు.

"అత్త రాజవ్వను ఈడ్సుకుంట వస్తున్నదట. పద్దెనిమిది చాలది టీచరమ్మా."

పలక తీసుకుని 18 కొట్టేసి 20 రాశాను. అంత సులువు. పాత కోడు అయితే మార్చడానికి ఎవరి చేతా అయ్యేది కాదు.

మూడో లెవెల్ మీటరు ఎక్కుతోంది. 1.7. 1.9. పందొమ్మిదో నిమిషం దాటాక 2.1. ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. వినోద ఊపిరి వినిపిస్తోంది. వెనకాల దవాఖానలో పిల్లలు దగ్గుతున్నారు.

"ఇంక పెంచాల్నా?" అని ఓదెలన్న అడిగాడు.

2.2. మా లెక్కలో ఇరవై రెండు నిమిషాలకు మూడు. కానీ అది లెక్క, ఇది గాలి. ఇంకా ముందే దాటితే? మూడు వందల మంది.

"వద్దు" అన్నాను.

తలుపు మూసుకున్నట్టు పచ్చ దీపం వెలిగింది. లోపలి వైపు నుంచి తలుపుకు ఎవరైనా చెయ్యి ఆనిస్తే ఫ్యాను హౌజులో ఇంకో చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. తలుపు మూసుకున్న ఒక నిమిషం ఇరవై సెకన్లకు అది వెలిగింది. ఆరిపోయి మళ్ళీ వెలిగింది. ఓదెలన్న కాసేపు దానికేసి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి దాని మీద కప్పాడు.

బేరింగు మార్చి ఫ్యాను తిప్పేసరికి నలభై ఏడు నిమిషాలయింది.

149వ రోజు

తొంభై రెండు మందిలో తొంభై మంది బతికారు. పాత కోడు ఉండి ఉంటే ఒక్కరూ మిగిలేవారు కాదు. కమిటీ సభలో ఈ మాటే అన్నారు, నాకు నమస్కారాలు పెట్టారు. ఇరవై అని రాయడం లెక్క ప్రకారం సరైనదేనని తీర్మానం చేశారు. ఆ లెక్క ఎవరూ చెయ్యలేదు.

పోశవ్వ తలుపుకు ఆనుకుని ఉంది. తన చీర కొంగుతో రాజవ్వను తన నడుముకు కట్టుకుని ఉంది. అలా కట్టుకుని ఎనభై మెట్లు ఈడ్చుకొచ్చింది.

158వ రోజు

పన్నెండు రోజులు మీటరు అంకెల జోలికి పోలేదు. ఇవాళ తీశాను. ఆ రోజు చెడుగాలి మా లెక్కకన్నా నెమ్మదిగా ఎక్కింది. ఇరవై రెండో నిమిషం దాకా తలుపు తెరిచి ఉంచినా మూడో లెవెల్ మీటరు 2.7 దాటేది కాదు. నాలుగుసార్లు చేశాను. 2.7.

మేడం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకు ముందే తెలుసు, ఆ రోజే చేసి చూశారట. నా చేతిలోంచి పలక తీసుకుని తుడిచేశారు. ఆ క్షణంలో నీకు తెలిసే వీలు లేదు, అందుకని ఇది తప్పు కాదు అన్నారు. మంచి మాటే. తర్వాత, చాలా మెల్లగా, "నేను ఎవరికీ చెప్పను" అన్నారు.

ఆమె నా మేలు కోరే ఆ మాట అన్నారు. అయినా అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడలేకపోయాను.

ఈ దినచర్య నెలాఖరుకు కమిటీకి వెళ్తుంది. కమిటీ చదువుతుందో లేదో తెలియదు. ఇన్నాళ్ళూ చదివినట్టు లేదు.

171వ రోజు

వినోద వచ్చింది. క్లాసు అయిపోయి బల్లలు తుడుస్తున్నాను. ఆ రోజు కోడులో మార్పు ఎవరు చేశారో గోడ మీద అంటించారు, అది పేర్లు తప్ప తనకు అర్థం కాలేదంది. ఇరవై అని రాసింది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. ఇరవై ఒకటి అనో, ఇరవై రెండు అనో ఎందుకు రాయలేదని అడిగింది. భయపడ్డానని చెప్పాను.

ఆమె తల ఊపింది. ఏడవలేదు. నేను ఇంకేదో చెప్పబోయాను. 2.7 నోటిదాకా వచ్చింది. చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చెప్తే నేను నమ్మాలె. కమిటీ చెప్తే నమ్మాలె. నాకు గట్ల వద్దు. గా లెక్క నేనే చేసి చూసుకుంట. నేర్పు."

తువ్వాలతో ఆమెకు ఒక బల్ల తుడిచి, పనిచేసే పలక ఒకటి వెతికి ఇచ్చాను. అక్షరాలు వచ్చా అని అడిగితే వచ్చంది. మొదటి పాఠం చెప్పాను: ఒక అంకెకు పేరు పెట్టి దాచుకోవడం, దానికి ఇంకో అంకె కలపడం. మీటరు అంకెలు చదివి లెక్క కట్టే చోటికి రావడానికి మామూలుగా ఇరవై పాఠాలు పడుతుంది.

వినోదకు త్వరగా వస్తోంది. పన్నెండు పాఠాల్లోనే అక్కడికి వచ్చేస్తుంది.